భరణి వానలో మంత్రపుష్పం

పూజ చివర చదివే మంత్రపుష్పం మొదలయ్యేసరికి గుళ్లో సగం మంది చూపు ప్రసాదం గిన్నె మీదే ఉంటుంది. పూజారిగారు తలా నాలుగు చామంతి రేకులు చేతిలో పెడతారు. ఆ పూలేమో రాత్రంతా ప్లాస్టిక్ కవర్లో మగ్గినవి. ఆయన "యోఽపాం పుష్పం వేద" అంటుంటే మనం ఇంకో చేత్తో హారతి వీడియో తీస్తుంటాం. నీటి పువ్వును ఎరిగినవాడు పుష్పవాన్, ప్రజావాన్, పశుమాన్, అంటే పూలూ సంతానమూ పశువులూ కలవాడు, అవుతాడని వేదం మాటిచ్చింది. ఎరగడానికి మనం ఒక్క నిమిషమైనా ఇస్తున్నామా?

తైత్తిరీయ ఆరణ్యకంలోని ఈ భాగంలో నా మనసు ఎప్పుడూ నీటి నెలవుల వరుస దగ్గర ఆగిపోతుంది. అగ్ని, వాయువు, తపించే సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, పర్జన్యుడు, సంవత్సరం. ఇవన్నీ నీటికి నెలవులు, నీరు మళ్లీ వీటికి నెలవు. మేఘం ఆరో చోట ఉంది చూశారా? అన్నిటికంటే ముందు నిప్పు ఉంది. కడప ఎండలో పెరిగినవాళ్లకు ఈ వరుస ఎందుకిలా ఉందో ఒకరు విప్పి చెప్పాల్సిన పని లేదు.

మా వైపు చీనీ (బత్తాయి) రైతులు తోటను బెట్టకు వదులుతారు. కొన్నాళ్లు నీళ్లు ఆపేస్తారు. ఆకు వాడి రాలడం మొదలయ్యాక మళ్లీ తడి ఇస్తారు. అప్పుడు చెట్టు ఒళ్లంతా పూత పూస్తుంది. ఎప్పుడూ నీళ్లు తాగుతూ కూర్చున్న చెట్టు ఆకు వేస్తుంది గానీ అంత పూత ఇవ్వదు. "అసౌ వై తపన్నపామాయతనం", తపించే ఆ సూర్యుడే నీటికి నెలవు, అన్న వాక్యం రాగానే నా కళ్లముందు చీనీ తోటే కదులుతుంది. ఆ ఎండ లేకపోతే ఆ పూత లేదు. మన ఇళ్లలో కష్టం వచ్చిన మర్నాడే దేవుడికి కళ్లు లేవని తిట్టేవాళ్లు ఒక్కసారి ఏదైనా చీనీ తోటకు పోయి రైతును అడగండి.

ఇక నక్షత్రాలు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే మనకు అదే కార్తె. నక్షత్రాలు నీటికి నెలవని అక్కడ వేదం అన్నది, ఇక్కడ మన రైతు కార్తె పేరు పెట్టే వానను పిలుస్తాడు. "భరణి కురిస్తే ధరణి పండును" అన్న సామెత మంత్రపుష్పానికి తెలుగు వ్యాఖ్యానమే అంటాను నేను. పండితులు ఒప్పుకోకపోవచ్చు, పర్వాలేదు.

అలాంటి భరణి వాన ఒకటి మా ఊరి ఇంటి పెరట్లో చూశాను. బావి అడుగంటింది, వాడుకనీళ్లు మోసి పోస్తే తులసి ఒక్కటీ బతికింది. మల్లెపొద పుల్లలైపోయింది. సాయంత్రం దుమ్ము లేచి, ఉరిమి, గంటసేపు గట్టిగా కురిసింది. నాలుగైదు రోజులకు, అక్కడ ఉన్నాయన్న సంగతే అందరూ మరిచిపోయిన లిల్లీ గడ్డలు కాడలెత్తి పూశాయి. మల్లె కణుపు కణుపుకూ చిగురు. నందివర్ధనం కింద తెల్లగా రాలిన పూలు. నేను సజ్జ పట్టుకుని బయలుదేరితే అమ్మ అడ్డం వచ్చింది. "ఈ పొద్దు కోయొద్దులేరా, చెట్టు మీదనే ఉండనీ. ఆయనకు కనపడవా ఏంది?" అంది. అమ్మకు మంత్రపుష్పం నోటికి రాదు. ఆ రోజు మా పటాలకు తులసిదళం ఒక్కటే.

"చంద్రమా వా అపాం పుష్పం." చంద్రుడే నీటి పువ్వట. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట చేస్తారు. చంద్రుడు కూడా చూడాలనే అలా చేస్తారని ఇక్కడి పెద్దలు చెబుతారు. నీటి పువ్వు తలపైన ఉండగా తలంబ్రాలు! అక్కడికి వెళ్లి సెల్ఫీలకు దిగేవాళ్లు కాస్త తలెత్తి పైకి కూడా చూస్తే బాగుండు.

సంవత్సరం సంగతి మరీ ఘోరం. ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చుంటాం. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది వినగానే లేచిపోతాం. మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని చదివేసరికి ముందు వరస ఖాళీ. అనంతపురంలో ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. ఆ గడ్డమీద కూర్చుని కూడా మేఘాధిపతిని వినే ఓపిక లేదు మనకు.

అయ్యా, అమ్మా, ఒక్కటే అడుగుతున్నాను. నిర్మాల్యాన్ని కవర్లో కట్టి చెరువులో పడేయకండి. పూలదండ దారం తీసేసి చెట్టు మొదట్లో వేయండి. అభిషేకం చేసిన నీళ్లు మోరీలో పారబోయకండి. ఈసారి మంచి వాన పడి పదునైతే నందివర్ధనం కొమ్మో గన్నేరు కొమ్మో నాటండి. మల్లె అయితే తీగ వంచి మట్టి కప్పండి, వేరు పట్టాక విడదీయండి. ఇంట్లో చోటు లేదంటారా, మీ ఊరి గుడి పూజారిగారిని అడగండి. గుడి వెనక జాగా ఉంటే చూపిస్తారు, నీళ్లు పోసే పని మాత్రం మీదే.