పాత మాసీ క్రాంకుని గ్రైండింగ్‌కి ఇచ్చే ముందు కొలిపించండి

నెల్లూరు మాగాణుల్లో పాత మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. వాటిలో ఉండేది మద్రాసు సింప్సన్ వాళ్ల మూడు సిలిండర్ల ఇంజను, మూలం ఇంగ్లండు పెర్కిన్స్‌ది. గట్టి ఇంజనే, కాకపోతే కేజ్‌వీల్స్ (బురదలో దిగే ఇనుప చక్రాలు) వేసి దమ్ములోకి దించితే గంటల తరబడి లోడు మీదే ఉంటుంది, ఆ లోడంతా చివరికి మోసేది క్రాంకే, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసే.

వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతున్నా, లోడు మీద కింది నుంచి గుద్దినట్టు మోత వస్తున్నా ఇంజను విప్పక తప్పదు. విప్పాక మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి: బేరింగులు మార్చేద్దాం, లేదా ఒక సైజు కొట్టించేద్దాం, అంటే క్రాంకుని గ్రైండింగ్‌లో అరగదీయించి ఆ మేరకు మందం బేరింగులు వేయిద్దాం. కొలిచి చూద్దాం అనేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే.

ఈ క్రాంకుకి బేరింగులు స్టాండర్డ్ తర్వాత టెన్, ట్వెంటీ, థర్టీ సైజుల్లో వస్తాయి. టెన్ అంటే పది తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), దాదాపు పావు మిల్లీమీటరు. అవసరం లేకుండా ఒక సైజు కొట్టిస్తే ఆ ఇనుము మళ్లీ రాదు. థర్టీ కూడా అయిపోతే వేరే క్రాంకు వెతుక్కోవాలి, లేదంటే వెల్డింగుతో నింపించాలి. వెల్డింగు నాకు నచ్చదు, ఆ వేడికి క్రాంకు వంగే ప్రమాదం ఎక్కువ.

అందుకే ముందు డీజిల్‌తో శుభ్రంగా కడిగి, తుడిచి, జర్నల్ (బేరింగు కూర్చునే నున్నటి భాగం) మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గీత దగ్గర గోరు పట్టిందంటే గ్రైండింగ్ ఖాయం. నున్నగా జారినా సరిపోదు, మైక్రోమీటరు పెట్టాలి. ప్రతి పిన్నునీ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునే జర్నల్‌ని) రెండు చివర్లా, ఒక్కో చివర నిలువునా అడ్డంగా కొలవాలి, ఎందుకంటే మంట దెబ్బ ప్రతిసారీ ఒకే వైపు పడుతుంది కాబట్టి పిన్ను గుండ్రం పోయి ఓవల్ అవుతుంది. తేడా ఒకటిన్నర తౌ దాటితే కొట్టించాల్సిందే. అలాంటి పిన్ను మీద కొత్త బేరింగు వేస్తే ఎంతో కాలం నిలవదు.

మా బాబాయి బండికి ఒక షాపులో కొలవకుండానే మొత్తం ట్వెంటీకి కొడదామన్నారు. ఒంగోల్లో తెలిసిన మేస్త్రి దగ్గర కొలిపిస్తే నాలుగు మెయిన్లూ (క్రాంకు ఇంజను బ్లాకులో కూర్చునే జర్నళ్లు) స్టాండర్డ్‌లోనే బాగున్నాయి. పిన్నులు మాత్రం టెన్‌కి కొట్టించి సరిపెట్టాం.

పగులు కూడా చూడాలి. కిరసనాయిలులో నానబెట్టి, బాగా తుడిచి, సుద్దపొడి చల్లి సుత్తితో మెల్లగా తట్టితే, పగులున్న చోట తడి సన్నటి గీతలా పైకొస్తుంది. పగులు కనిపిస్తే ఆ క్రాంకుని పక్కన పెట్టేయడమే. గ్రైండింగ్ అయ్యి వచ్చాక పిన్ను పక్కగోడతో కలిసే మూల గుండ్రంగా ఉందో లేదో వేలితో తడమండి. అక్కడ గ్రైండింగ్ రాయి పదునుగా మూల తీసేసిందంటే ఆ మూలలోనే పగులు మొదలై, ఏదో ఒక రోజు దమ్ములోనే క్రాంకు రెండు ముక్కలవుతుంది. ఆయిల్ రంధ్రాల్లో రాతిపొడి లేకుండా సన్న బ్రష్ దూర్చి, గాలి కొట్టించి, మళ్లీ కడగాలి.

పాత బండి కొనేవాళ్లు ఒక బిగ్ ఎండ్ క్యాపు (కనెక్టింగ్ రాడ్ కింది మూత) విప్పించి బేరింగు వీపు మీద అంకె చూడండి. 030 అని ఉంటే థర్టీ సైజు కూడా అయిపోయినట్టే, ధర ఆ లెక్కలోనే మాట్లాడండి.