రేకు మీద ఊరి మనుషులు

తుప్పు పట్టిన ఇంటికప్పు రేకు, దాని అంచున మేకులు దిగిన రంధ్రాలు, పైన గోడలకు వేసే మామూలు పెయింటుతో గీసిన ఒక మనిషి బొమ్మ. ఈ రోజు మ్యూజియంలో సామ్ డోయిల్ చిత్రం ముందు నిలబడి, బొమ్మ కన్నా ఆ రంధ్రాలనే ఎక్కువసేపు చూశాను.

డోయిల్ 1906లో అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలోని సెయింట్ హెలెనా దీవిలో పుట్టారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చి పత్తి, నీలిమందు తోటల్లో పనికి పెట్టిన బానిసల సంతతి, అంటే గల్లా ప్రజలు, తమ భాషనూ నమ్మకాలనూ నిలుపుకున్న చోటు అది. విముక్తులైన బానిసల కోసం 1862లో అక్కడ మొదలైన పెన్ స్కూల్‌లోనే ఆయన చదువుకున్నారు.

దీవిలో తొలి నల్లజాతి వైద్యుడైన యార్క్ బెయిలీని, పురుళ్లు పోసిన మంత్రసానిని, చెట్ల వేర్లతో వైద్యం చేసి పేరుపొందిన డాక్టర్ బజర్డ్‌ను ఆయన రేకుల మీద గీసి, దారిన పోయేవాళ్లంతా చూసేలా తన ఇంటి ఆవరణలోనే నిలబెట్టారు. పుస్తకాలకెక్కని ఊరి చరిత్రను ఇంత ధీమాగా ఆరుబయట పెట్టిన మనిషిపై నాకు అపారమైన గౌరవం కలిగింది.

1982లో వాషింగ్టన్‌లోని కోర్కొరాన్ గ్యాలరీ ప్రదర్శనతో ఆయన పేరు దేశమంతటా తెలిసింది. క్రమంగా రేకులు దీవి దాటి సేకర్తల ఇళ్లకూ మ్యూజియంలకూ చేరాయి. అలా చేరబట్టే నేనూ చూడగలిగాను, కాదనను. అయినా పక్కనున్న చీటీలో చిత్రకారుడి పేరు, కొలతలతో పాటు బొమ్మలోని మనిషి ఆ ఊరికి ఏమవుతాడో ఒక్క వాక్యమైనా రాసి ఉండాల్సింది.