నా పాట, మా అమ్మమ్మ వరస

మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు. ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను, పాటలు రాస్తాను. నా పాటలన్నీ కొలతల నోటుబుక్కులోనే ఉంటాయి. ఒక పేజీలో జాకెట్ కొలతలు, పక్క పేజీలో చరణం.

2022లో మా ఆడబిడ్డ కూతురి పెళ్లిలో నేను రాసిన అప్పగింతల పాట పాడాను. ఎవరో ఫోన్‌లో తీశారు. ఆరు నెలలకు అదే పాట వేరే గొంతుతో ఒక యూట్యూబ్ ఛానెల్‌లో వచ్చింది. రచన అని ఎవరిదో పేరు. మూడో చరణంలో మా ఊరి చెరువు కట్ట వస్తుంది, కనీసం దాన్ని కూడా మార్చలేదు. నంబర్ దొరకబట్టి ఫోన్ చేస్తే ఛానెల్ నడిపే అబ్బాయి ఒకే మాట అన్నాడు: “నీదే అనడానికి కాగితం ఏమన్నా ఉందా అక్కా?” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొందరు పాట కాగితం మీద రాసి, నా అడ్రసుకే రిజిస్టర్ పోస్టు చేసుకుని, కవరు విప్పకుండా దాచుకోమన్నారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె కొడుకు సిద్దిపేటలో వకీలు. ఆయన్ని అడిగితే, మన చట్టంలో అలాంటి పద్ధతేమీ లేదని చెప్పారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే హక్కు నాదట. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. కానీ కోర్టు దాకా పోతే, 48వ సెక్షన్ కింద కాపీరైట్ ఆఫీసు రిజిస్టర్‌లో ఉన్నదాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు. కాదనేవాళ్లే కాదని చూపించాలి. నాకు కావలసింది అదే.

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మనం పాట అనేది చట్టానికి ఒకటి కాదు, మూడు. మాటలు సాహిత్యం కిందికి వస్తాయి, బాణీ సంగీతం కిందికి వస్తుంది, స్టూడియోలో చేసిన రికార్డింగ్ వేరే. రికార్డింగ్ హక్కు మామూలుగా దాన్ని తీయించిన నిర్మాతకు పోతుంది. మాటలకు 500 రూపాయలు, బాణీకి 500, రికార్డింగ్‌కు 2,000 ఫీజు.

నేను మూడు పాటలు తీసుకున్నాను. ఒకదానికి మాటలు, బాణీ రెండూ నావే. రెండో దానికి బాణీ కట్టింది మా ఊరి కీబోర్డ్ తమ్ముడు, కాబట్టి మాటలకే దరఖాస్తు పెట్టాను. తన బాణీకి తననే పెట్టుకోమన్నాను. మూడోది ఆ అప్పగింతల పాట.

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. కాపీరైట్ ఆఫీసు ఢిల్లీ ద్వారకలో ఉన్నా అక్కడికి పోయే పనే పడలేదు. ఫారం పేరు ఫారం 14. నెట్ సెంటర్ అబ్బాయి టైపు చేస్తుంటే నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివించుకున్నాను. పాట ప్రచురితమా, అప్రచురితమా అన్న దగ్గర ఆగిపోయాం. ఛానెల్‌లో వచ్చేసింది కదా అని నా భయం. నా అనుమతి లేకుండా వేసింది ప్రచురణ కింద లెక్క కాదని వకీలు సార్ ఫోన్‌లో చెప్పాక అప్రచురితం అని పెట్టించాను.

అసలు ఇబ్బంది ఇంకో ప్రశ్నతో వచ్చింది. ఈ రచన సొంతమా, అనువాదమా, లేక ఎవరి హక్కూ లేని పాత రచనకు అనుసరణా అని అడుగుతారు. అప్పగింతల పాట మాటలు అక్షరం అక్షరం నావి. మరి వరస? అది మా అమ్మమ్మ బతుకమ్మ ఆటలో ఎత్తుకునే ఉయ్యాల వరస. నేను కొంచెం నెమ్మది చేశానంతే. అమ్మమ్మకు అది వాళ్ల అమ్మ దగ్గర వచ్చింది. “బాణీ కూడా నీదే అని పెట్టెయ్యక్కా, ఢిల్లీవాళ్లకు ఏం తెలుస్తది” అన్నాడు నెట్ సెంటర్ అబ్బాయి. నాకు మనసొప్పలేదు. నా మాటలు ఎవరో తీసుకున్నారని ఏడ్చినదాన్ని, ఊరందరి వరసను నా పేరున ఎలా రాయించుకుంటాను? ఆ పాటకు మాటలు మాత్రమే పెట్టాను.

నా సొంత బాణీకి కాపీ జతచేయాలి. నాకు స్వరాలు రాయడం రాదు. హార్మోనియం నేర్పే సార్ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని పాడితే ఆయన స్వరాలు రాసిచ్చారు. ఆ కాగితంతో పాటు ఫోన్‌లో పాడిన ఆడియో కూడా ఇచ్చాను. మొత్తం నాలుగు దరఖాస్తులు, 2,000 రూపాయలు. డబ్బు కట్టగానే ఒక్కో దరఖాస్తుకు ఒక నంబర్ వచ్చింది, డైరీ నంబర్ అంటారు దాన్ని. ఆ నంబర్లను నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నాను.

అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పడానికి 30 రోజులు ఆగుతారు. ఆ నెలంతా నాకు ఒకటే టెన్షన్, ఆ ఛానెల్ అబ్బాయి ఏమన్నా పెడతాడేమోనని. పెట్టలేదు. కానీ ఒక పాటకు లోపాల లేఖ వచ్చింది. ఫారంలో పాట పేరు ఒకలా, జతచేసిన కాగితం మీద ఇంకోలా ఉందట. పల్లవి మొదటి మాటనే పేరుగా పెట్టి, కాగితం మీద వేరేగా రాసింది నేనే. సరిచేసి గడువులోగా పంపాం. నా నాలుగు సర్టిఫికెట్లూ చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఈలోగా పాటలు రికార్డింగ్ చేసే వేరేవాళ్లు ఒప్పందం కాగితం పంపారు. సర్వహక్కులు శాశ్వతంగా వాళ్లవేనని, రాయల్టీ, అంటే పాట వాడుకున్నందుకు రాసినవాళ్లకు వచ్చే వాటా, అడగనని సంతకం పెట్టాలట. మా దగ్గర పాటలు రాసే ఆడవాళ్లు చాలామంది వెయ్యికీ రెండు వేలకూ ఇలాంటివి చదవకుండానే సంతకం పెడుతున్నారు. అది తలుచుకుంటే నాకు కోపం ఆగదు. 2012లో చట్టం మార్చాక, రికార్డింగ్‌లో చేరిన పాటకు రాసినవాళ్ల రాయల్టీ వాటాను వదులుకుంటామని రాయించుకున్నా చెల్లదు. ఎన్నేళ్లకు ఇస్తున్నామో కాగితంలో లేకపోతే అయిదేళ్లే అని లెక్క. వాళ్ల కాగితంలో ఆ శాశ్వతం, రాయల్టీ వాక్యాలు రెండూ కొట్టేయించి, మూడేళ్లకని రాయించి, అప్పుడు సంతకం పెట్టాను.

సర్టిఫికెట్ రాగానే అప్పగింతల పాట గురించి యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు పెట్టాను. మాటలు నావి అని మాత్రమే రాశాను. వారంలోపు వీడియో పోయింది. రెండో రోజే ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. “అక్కా, పేరు వేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకో” అన్నాడు. ముందు కాగితం రాసుకుందాం అన్నాను. రాసుకున్నాక ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. పాట మళ్లీ వచ్చింది. రచన దగ్గర నా పేరు ఉంది. దాని కింద, నేను అడిగి వేయించినట్టే, “వరస: బతుకమ్మ పాటలది” అని ఉంది.