ఉప్పు ప్యాకెట్ లెక్క

ఆ రోజు ఇళ్లకు వచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త, ఏఎన్ఎం, వచ్చింది మా అమ్మ కోసం. అమ్మకు షుగరు. నేను అప్పుడే కొట్టు కట్టేసి, మెట్లెక్కి వచ్చి నీళ్లు తాగుతున్నాను. "అన్నా, ముప్పై దాటినోళ్లందరికీ బీపీ చూడాల. మీరూ చెయ్యి చాపండి" అంది. నాకు 46. నవ్వుతూనే చాపాను. 168/104.

"మెట్లెక్కి వచ్చినా కదమ్మా, అందుకే" అన్నాను. ఆమె వాదించలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టుకుని అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది. టీవీ కూడా ఆపించింది. మళ్లీ చూస్తే 158/98. "ఒక్క రోజు చూసి బీపీ అని తేల్చకూడదు. రేపో ఎల్లుండో హెల్త్ సెంటరుకు రండి" అని చీటీ రాసిచ్చింది.

ఆ చీటీని కొట్లో బిల్లుల కమ్మీకి గుచ్చి మూడు వారాలు మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పుకుంటాను గానీ, రోజూ కనిపిస్తూనే ఉండేది. అనంతపురంలో ఎరువులు, విత్తనాల కొట్టు నాది. ఎరువు మూట ఇప్పటికీ నేనే ఎత్తి బండిలో వేస్తాను. నొప్పి లేదు, తల తిరగడం లేదు, ఇంక నాకేం రోగం?

కదిలించింది నాయన జ్ఞాపకం. 53వ ఏట, ఒక పొద్దున సంగటి ముద్ద నోటి దాకా తీసుకుపోతుంటే చెయ్యి వాలిపోయింది. పక్షవాతమని తెలిసీ పసరు మందు కోసం రెండు రోజులు ఊళ్లు తిప్పాం. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని ఇప్పుడు తెలిసింది. ఆయనకూ ముందు రోజు దాకా ఏ నొప్పీ లేదు.

హెల్త్ సెంటర్లో రెండు రోజులు చూశారు. రెండు రోజులూ పైది 150 దాటే ఉంది, కిందిది 90 పైనే. డాక్టరమ్మ బొడ్డు చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 101 సెంటీమీటర్లు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదంట. నా ప్యాంటు సైజు 36 అని వాదించాను. ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటే అంతే మరి.

పరీక్షలకు ఒక ప్రైవేటు ల్యాబుకు పోతే, డెబ్భై చిల్లర పరీక్షల ప్యాకేజీ అంటగట్టబోయారు. డాక్టరమ్మ రాసినవి షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీకి క్రియాటినిన్, మూత్రం, ఈసీజీ, అంతే. పరగడుపు షుగరు 112. 126 వస్తే షుగరు జబ్బు, 100 దాటితే దాని గడపలో ఉన్నట్టు. చెడు కొలెస్ట్రాల్ 152. మిగతావి బాగున్నాయి.

"బీపీ రక్తనాళం లోపలి గోడను దెబ్బతీస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. సిగరెట్టు తాగితే రక్తం తొందరగా గడ్డ కడుతుంది. అది గుండెలో అడ్డుపడితే గుండెపోటు, మెదడులో అయితే మీ నాయనకు వచ్చింది" అంది డాక్టరమ్మ. నాకు అన్నీ కొద్దికొద్దిగానే ఉన్నాయి కదా అన్నాను. "ఇవి కూడికలు కావు, గుణకారాలు" అంది. వ్యాపారం చేసేవాణ్ణి, ఆ మాట గట్టిగా తగిలింది.

రోజుకో మాత్ర రాశారు. నెలకు 126/80కి వచ్చింది. నయమైపోయిందని మానేశాను. ఇరవై రోజులకు మళ్లీ 154. చీవాట్లు తిన్నాను. తగ్గింది మాత్ర వేసుకుంటున్నందుకే గానీ బీపీ ఎక్కడికీ పోలేదంట.

అసలు గొడవ ఉప్పు దగ్గర వచ్చింది. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను, అన్నీ కలిపి. "నేను తక్కువే వేస్తా" అని మా ఆవిడ. సరే, స్టాకు లెక్క మనకు వచ్చిన పనే కదా. ఇంట్లో నలుగురం. రోజుకు 20 గ్రాముల చొప్పున కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మా ఇంట్లో వచ్చేది 24 రోజులు! అందులో ఆవకాయకు వాడే కల్లుప్పు లేదు, నేను హోటల్లో తినే ఉగ్గాని బజ్జీ లేదు, కొట్లో నమిలే మిక్స్చర్ లేదు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తప్పు వంటది మాత్రమే కాదు. పెరుగన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకునేవాణ్ణి, రెండు మజ్జిగ మిరపకాయలు నంజుకునేవాణ్ణి నేనే. మొదటి పదిహేను రోజులు ఊరిబిండి పచ్చడి కూడా గడ్డి తిన్నట్టే ఉండేది. చింతపండు, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేసి ఆవిడే గట్టెక్కించింది.

పొద్దున అరగంట నడుస్తున్నాను. రోజుకు మూడు సిగరెట్లు తాగేవాణ్ణి, అవి మానేశాను గానీ, పెద్ద బేరం కుదిరిన రోజు చెయ్యి ఇంకా జేబు తడుముతుంది. మాత్రతో బీపీ 128/82.

మా అమ్మాయి ఇప్పుడు ప్రతి ఉప్పు ప్యాకెట్ మీద విప్పిన తారీఖు స్కెచ్ పెన్నుతో రాస్తుంది. మొన్నటిది 37 రోజులు వచ్చింది. కొత్తది నిన్ననే విప్పాం.