పది మార్కుల పరీక్షకు ఇరవై ఒకటి సగటు

బడి వదిలిన ఇన్నేళ్లకు సగటు లెక్క మళ్లీ నా ముందుకొచ్చింది, మా అమ్మాయి నోట్సులో. అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దాంతో భాగించడమేగా అని ధీమాగా కూర్చున్నాను. పది మార్కుల పరీక్షలో 20 మందికి వచ్చిన మార్కులు కలగాపులగంగా ఇచ్చి, పట్టిక వేసి సగటు, మధ్యగతం (వరసలో సరిగ్గా మధ్యన ఉండే విలువ), బాహుళకం (అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన విలువ) కనుక్కోమన్నారు.

పట్టిక దగ్గరే తడబడ్డాను. 4లు ఎన్ని, 5లు ఎన్ని అని వెతుక్కుంటూ గణన చిహ్నాలు (లెక్క గీతలు) పెడితే మొత్తం 19 వచ్చింది. ఒకటి ఎక్కడ జారిపోయిందో ఎంతకీ దొరకలేదు. చివరికి మొదటి అంకె నుంచి వరసగా చదువుతూ, చదివినదాన్ని కొట్టేస్తూ, దాని ఎదుట ఒక గీత పెట్టుకుంటూ పోయాను. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. ఈసారి 20 సరిపోయింది: 4 మార్కులు ఇద్దరికి, 5 ముగ్గురికి, 6 నలుగురికి, 7 ఆరుగురికి, 8 ముగ్గురికి, 9 ఇద్దరికి.

ఇక సగటు. ప్రతి మార్కునూ దాని పౌనఃపున్యంతో, అంటే అది ఎంతమందికి వచ్చిందో ఆ సంఖ్యతో, హెచ్చించి కూడితే 131. పట్టికలో వరసలు ఆరున్నాయి కదా అని 6తో భాగించాను. 21.8!

"నాన్నా, పది మార్కుల పరీక్షకు సగటు ఇరవై ఒకటా?"

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ తప్పెక్కడో వెంటనే తట్టలేదు. సగటు ఎప్పుడూ అన్నిటికన్నా చిన్న విలువకూ పెద్ద విలువకూ మధ్యే ఉండాలి. ఆ సంగతి తనకు గుర్తుంది, నాకు లేదు. భాగించాల్సింది వరసల సంఖ్యతో కాదు, పిల్లల సంఖ్యతో. 131ని 20తో భాగిస్తే 6.55.

ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు మా అమ్మాయి అంతకుముందే చేసి ఉంది. పౌనఃపున్యాలు వదిలేసి, 4 నుంచి 9 దాకా కూడి 6తో భాగించింది. 6.5 వచ్చింది. అసలు జవాబుకు అంత దగ్గరగా ఉంటే అనుమానం ఎవరికొస్తుంది? నా 21.8 కనీసం తన తప్పు తనే చెప్పుకుంది.

సరిచూడటానికి ఇంకో దారి పట్టాం. సగటు 7 అని ఊహించుకుని, ఒక్కొక్కరూ దానికి ఎంత తక్కువో, ఎంత ఎక్కువో రాశాం. తక్కువలు 16, ఎక్కువలు 7. నికరంగా 9 తక్కువ. దాన్ని 20 మందికీ పంచితే 0.45. ఏడులోంచి తీస్తే మళ్లీ 6.55. పెద్ద గుణకారాలు లేని ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. బడిలో ఇది చెప్పినప్పుడు నేను ఎక్కడున్నానో!

బాహుళకం చూడగానే తెలిసిపోయింది, 7. మధ్యగతానికి మార్కుల్ని ఆరోహణ క్రమంలో పెట్టి 10వ, 11వ రాశుల సగటు తీసుకోవాలి. రెండూ ఏడే.

అయిపోయిందనుకుంటే మా అమ్మాయి కొత్త పేచీ తెచ్చింది. 4 వచ్చిన ఇద్దరిలో ఒకరికి సున్నా వచ్చి ఉంటే? సున్నాను కూడితే ఏమీ పెరగదని అతన్ని వదిలేసి 19తో భాగించబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. పరీక్ష రాశాడు కాబట్టి 20 మందిలో ఒకడే. 127ని 20తో భాగిస్తే 6.35. సగటు దిగింది, మధ్యగతానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.