మా ఇంట్లో ఆస్కార్ కన్నా నల్లి బొక్కే ఎక్కువ ఆడింది

నేను సినిమా పిచ్చిదాన్ని కాను. శుక్రవారం రాత్రి పిల్లల హోంవర్క్ గొడవ తీరాక టీవీ ముందు కూలబడి, కళ్ళు మూతపడేలోగా ఎంత చూస్తే అంత. రివ్యూలు చదివి చూసేదీ లేదు, చూశాక చదివేదీ లేదు. కాకపోతే పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతుంటే సినిమా ఉత్త కాలక్షేపంగా మిగలదు. వాళ్ళు పక్కన కూర్చుంటే ప్రతి సీనూ మన తరఫున సాక్ష్యం చెబుతున్నట్టే ఉంటుంది. "అమ్మా, మీవాళ్ళు నిజంగా ఇలాగే ఉంటారా?" అన్న ప్రశ్న ఎటునుంచి వచ్చి పడుతుందో తెలియదు.

2022లో ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు మా అమ్మాయి క్లాసులో చాలామంది చూశారు. నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది హిందీ డబ్బింగ్. తెలుగులో కావాలంటే అప్పట్లో జీ5కి వెళ్ళాల్సి వచ్చేది. దాంతో దాని స్నేహితులందరికీ రామ్‌చరణ్, ఎన్టీఆర్ హిందీ హీరోలైపోయారు. 2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రాత్రి కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కుతుంటే మేమిద్దరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. మా అబ్బాయి సోఫా మీద స్టెప్పులేశాడు. వారం తిరిగేసరికి అంతా సద్దుమణిగింది. గర్వపడ్డ మాట నిజమే. కానీ ఆ సినిమా చూశాక పిల్లలు మమ్మల్ని అడిగింది ఏమీ లేదు. పులులతో పాటు లారీలోంచి దూకే మనిషి గురించి అమ్మానాన్నల్ని అడగడానికి ఏముంటుంది?

అదే బలగం చూపించినప్పుడు వాళ్ళ నోరు మూయించలేకపోయాం. నిజానికి ఆ సినిమా పెట్టింది మా ఆయన కోసం. ఆయనది తెలంగాణ, నాది కోస్తా. పిల్లలు మధ్యలో లేచి వెళ్ళిపోతారనే అనుకున్నాను. తాత చనిపోవడం, పిండం పెడితే కాకి ముట్టకపోవడం, మూడోనాడు, ఐదోనాడు అంటూ లెక్కపెట్టుకుంటూ ఇల్లంతా టెన్షన్ పడటం, ఇదంతా వాళ్ళకేం పడుతుంది? తీరా చూస్తే ఇద్దరూ కదల్లేదు. విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన అలకతో బావ, బావమరుదులు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదని తెలియగానే పకపకా నవ్వారు. "ఒక ఎముక కోసమా!" అని మావాడు. అప్పుడు మా ఆయన తాపీగా, తన పెదనాన్నకీ మేనత్తకీ ఎందుకు మాటల్లేవో చెప్పారు. అది ఎముక కూడా కాదు, పెళ్ళి శుభలేఖలో పేరు ముందూ వెనకా పడటం. నవ్వు ఆగిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి. ఇప్పుడెవరు తగ్గాలి, ఫోన్ ఎవరు చేయాలి, అత్తమ్మకి ఎన్నేళ్ళు. చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాటలో నాకే కొన్ని ముక్కలు అందలేదు. ఆయనే ఆపి ఆపి చెప్పారు. ఆ పంచాయతీ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. ఎవరైనా అలిగి గదిలోకి వెళ్తే చాలు, "నల్లి బొక్కా?" అని మిగిలినవాళ్ళు అడుగుతారు.

అందుకే నా అభిప్రాయం ఇలా స్థిరపడింది. మన గొప్ప చూపించే సినిమాలు పిల్లలకు సరదా, అంతవరకే. మన ఇళ్ళలోని గొడవలు చూపించేవే వాళ్ళకు మనల్ని పరిచయం చేస్తాయి. కల్కి చూసినప్పుడూ అంతే. 2024లో వచ్చిన ఆ మూడుగంటల సినిమాలో ప్రభాస్ కారుకి మావాడు పడిపోయాడు సరే, ఇంటికొచ్చాక అడిగింది మాత్రం అశ్వత్థామ గురించే. ఉత్తర కడుపులోని బిడ్డ మీద అస్త్రం వేసిన మనిషి, ఇప్పుడు ఇంకో తల్లి కడుపులోని బిడ్డకు కాపలా కాస్తున్నాడని చెబితే కాసేపు ఆలోచించి, "అయితే కృష్ణుడు వేసింది శిక్షా, ఉద్యోగమా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా అత్తగారికి వదిలేశాను.

నెవర్ హావ్ ఐ ఎవర్ సంగతి వేరు. మా అమ్మాయి దాన్ని నాకు చెప్పకుండా తన స్నేహితురాళ్ళతో చూసి, తర్వాత నాతో మళ్ళీ చూసింది. కాలిఫోర్నియాలో పెరిగే తమిళుల అమ్మాయి దేవి కథ. 2020లో మొదలై నాలుగు సీజన్లు నడిచింది. ఆ పిల్ల మనసులో మాటను టెన్నిస్ ఆటగాడు జాన్ మెకన్రో చెప్పడం మొదట నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. పోయిన తండ్రికి ఆయనంటే ఇష్టమని తెలిశాక అదే ఆ కథకు ప్రాణమనిపించింది. మొదటి సీజన్ బాగుంది. తర్వాత్తర్వాత ఆ అబ్బాయా, ఈ అబ్బాయా అన్న గొడవ మితిమీరింది. తల్లి నళిని కేకలేసే సీన్లు వస్తే మా అమ్మాయి తెర వైపు కాకుండా నా వైపు చూసేది. నేను కాఫీ కప్పు వైపు చూసేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడించినవి రెండు. 2025 మార్చిలో ఒక్కరోజు తేడాతో వచ్చాయి. ఒకటి నాని నిర్మించిన కోర్ట్, రెండోది ఇంగ్లండ్ సిరీస్ అడాలసెన్స్. అడాలసెన్స్ ముందు మేమిద్దరమే చూశాం. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటీ కట్ లేకుండా ఒకే షాట్. పదమూడేళ్ళ పిల్లాడిని తోటి విద్యార్థిని హత్య కేసులో పోలీసులు పట్టుకుపోవడంతో మొదలవుతుంది. చివరి ఎపిసోడ్లో తల్లీతండ్రీ మాట్లాడుకునేదంతా నాకు తెలిసిన మాటలే. గదిలోనే ఉన్నాడు కదా, ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకున్నామంటారు. మేమూ ఇక్కడ అదే ధీమాతో బతుకుతున్నాం. బయట తిరగడం లేదు, అదే పదివేలు అని. తర్వాత మా అమ్మాయితో కూర్చుని మళ్ళీ చూశాం. స్కూల్లో దర్యాప్తు చేస్తున్న పోలీసుకి సోషల్ మీడియాలో పిల్లలు పెట్టుకున్న ఎమోజీల అసలు అర్థం ఆయన సొంత కొడుకే చెప్పే సీను దగ్గర ఆపించి, "వాడు నాన్నకి చెప్పడానికి ఎంత ఇబ్బంది పడుతున్నాడో చూశావా?" అంది. నేను అప్పటిదాకా ఆ తండ్రి మొహమే చూస్తున్నాను.

కోర్ట్ 2013 నాటి విశాఖ కథ. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పదిహేడేళ్ళ అమ్మాయి, పరువు కోసం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెట్టించే మంగపతి. ఆ పాత్ర వేసిన శివాజీని చూడగానే మా అమ్మాయి గుర్తుపట్టింది. నైంటీస్ మిడిల్ క్లాస్ బయోపిక్‌లో లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లల తండ్రి కదా అని. ఆ సిరీస్ చూస్తూ మేమిద్దరం మా చిన్నతనాలు తలుచుకుని తెగ మురిసిపోయాం. "అక్కడా ఆయన చెప్పిందే జరగాలి, ఇక్కడా ఆయన చెప్పిందే జరగాలి. అక్కడ మీరు నవ్వారు, ఇక్కడ కోపం వచ్చింది. తేడా ఏంటి?" అంది. మాస్టారుది ప్రేమ, మంగపతిది అహం అని మా ఆయన వెంటనే అన్నారు. అది ఊరుకోలేదు. "లోపల ఏముందో ఆ పిల్లలకెలా తెలుస్తుంది?" అంది. అరగంట వాదన నడిచింది. నా మటుకు కోర్ట్ క్లైమాక్సులో ఉపన్యాసం కాస్త ఎక్కువైంది. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన వాదన అంతకన్నా బాగుంది. ఎవరు గెలిచారో మాత్రం అడక్కండి.

సంక్రాంతికి వస్తున్నాం గురించి ఒక్క మాట. ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న బుల్లిరాజుని చూసి అందరిలాగే మేమూ నవ్వాం. మేం ఏళ్ళ తరబడి బతిమాలినా తెలుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడని మావాడు, వాణ్ణి అనుకరించడానికి యాసతో సహా తెలుగు పట్టేశాడు. వీడియో కాల్లో వాళ్ళ నానమ్మకు వినిపించాడు కూడా. ఆవిడ తిట్టలేదు, ఇంకోసారి అనమన్నారు.

ఇప్పుడు మా అమ్మాయికి కేపాప్ డీమన్ హంటర్స్ అనే యానిమేషన్ సినిమా పిచ్చి పట్టుకుంది. పాటల్లో వచ్చే కొరియన్ ముక్కలన్నీ కంఠతా పట్టింది, ఒక్కదానికీ అర్థం తెలియకపోయినా. అప్పట్నుంచి "తెలుగు సినిమానా, నాకర్థం కాదు" అనే సాకు మా ఇంట్లో చెల్లడం లేదు. వచ్చే శుక్రవారం ఏం చూడాలో నేనే చెబుతానన్నాను. సరే కానీ పోరాటాలు ఉండకూడదని ఒకరు, పాటలు ఎక్కువ ఉండకూడదని ఇంకొకరు షరతులు పెట్టారు. ఇంకా వెతుకుతున్నాను.