మా ఇంటి ముందు ఎంజీబీ ఇంజన్ దింపిన శనివారం

మన మెకానిక్ షెడ్డుల్లో ఈ పనిని 'ఇంజన్ దింపడం' అంటారు. నిజానికి ముందు పైకి లేపాలి, బండిని దాని కింద నుంచి తప్పించాలి, ఆ తర్వాతే దించడం. కిందటి జూన్‌లో ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటి ముందు, ముగ్గురు స్నేహితులతో కలిసి నా 1972 మోడల్ ఎంజీబీ ఇంజన్ అలా దింపాను. ఇలాంటి పని చేయాలని ఉన్నా భయపడి ఆగిపోయినవాళ్లకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎంజీబీ అంటే టాపు మడిచేసే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో తయారైంది. మా ఇంటి నుంచి ఆ ఊరు గంట ప్రయాణం కూడా ఉండదు. ఈ ఇంజన్ వేడెక్కాక కూడా పరుగులో ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 ఉండాలి. నాది పరుగులో 30 దాటడం మానేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు సున్నా వైపు జారిపోయేది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు. దానికి తోడు క్లచ్ జారుతోంది. ఈ బండికి గేర్‌బాక్సు ఒక్కటే కింద నుంచి రాదు, కాబట్టి క్లచ్ ప్లేటు మార్చాలన్నా ఇంజన్ దింపాల్సిందే.

నాకు ధైర్యం వచ్చింది మాత్రం రాజమండ్రిలో ఉన్న మావయ్య వల్ల. ఆయన పదిహేనేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. ఆ అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. నా ఎంజీబీలోదీ అదే కుటుంబం, కాకపోతే పెంచి పెంచి 1798 సీసీ చేశారు. రెండు కార్బొరేటర్లు పెట్టారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో షెడ్డులో వేపచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ కట్టి ఆ ఇంజన్ దింపుతుంటే చూశాను. బానెట్ తెరిచి వీడియో కాల్ చేస్తే మావయ్య ఒక్క క్షణం మాట్లాడలేదు. "ఒరేయ్, ఇది మన బండి ఇంజనేరా" అన్నాడు. తర్వాత మూడు మాటలు చెప్పాడు: విప్పిన నట్టు విప్పిన చోటే మళ్లీ రెండు చుట్లు తిప్పి ఉంచు, ప్రతి వైరుకీ చీటీ కట్టు, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు విప్పేముందు గుర్తు గియ్యి.

స్నేహితుల్లో ఒకడిది గుంటూరు, ఇంకొకడిది వరంగల్, మూడోవాడు మా ఆఫీసులో పనిచేసే తమిళ అబ్బాయి. మా దగ్గరున్నవి మిల్లీమీటర్ల పానాలు. ఈ బండి బోల్టులన్నీ ఇంచిల లెక్క. మిల్లీమీటర్ పానాతో బలవంతం చేస్తే బోల్టు మూలలు అరిగిపోతాయి. అందుకే అర ఇంచి, 7/16, 9/16 పానాలు కొన్నాం. రెండు టన్నుల మడత క్రేన్ వారాంతానికి అద్దెకు తెచ్చాం. ఇంజన్‌ను ఎటు కావాలంటే అటు వంచడానికి లోడ్ లెవెలర్ కూడా తీసుకున్నాం. ఇంకేది లేకపోయినా అది మాత్రం ఉండాలి.

శుక్రవారం సాయంత్రం సీట్ల వెనక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీల కనెక్షన్ తీశాం. హింజిల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి బానెట్ విప్పాం. కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ డబ్బాల్లోకి పట్టాం. కూలెంట్ తియ్యగా ఉంటుంది, పిల్లులూ కుక్కలూ తాగితే చచ్చిపోతాయి. నేల మీద పడిన చుక్కలు కడిగి, డబ్బా మూత బిగించి, సోమవారం కౌన్సిల్ వాళ్ల రీసైక్లింగ్ కేంద్రంలో ఇచ్చాను.

అన్నిటికంటే టెన్షన్ పడింది వెంట్రుకంత సందున్న ఒక రాగి గొట్టం దగ్గర. ఈ మోడల్‌లో టెంపరేచర్ మీటరు కరెంటుతో పనిచేయదు. సిలిండర్ హెడ్‌లో ఉన్న, వేడిని పసిగట్టే చిన్న గుండు నుంచి మీటరు దాకా ఒకే సన్నని గొట్టం. అది మెలిక పడినా తెగినా మీటరు పోయినట్టే. నట్టు తిప్పుతుంటే గొట్టం కూడా దానితోపాటు తిరుగుతోంది. ఆయిల్ పోసి, ఒక గంట వదిలేసి, నట్టును కొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీశాం. ఆ ఆడించడానికే ముప్పావు గంట పట్టింది. గొట్టాన్ని పెద్ద చుట్టలా చుట్టి పక్కన కట్టేశాక గానీ ఊపిరి ఆడలేదు.

రేడియేటర్, కార్బొరేటర్లు, వైర్లు మామూలుగానే వచ్చాయి.

శనివారం ఉదయం ఏడింటికల్లా బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాం. కేవలం జాకీ మీద ఉన్న బండి కింద ఎవరూ దూరకూడదని ముందే అనుకున్నాం. పెడల్ తొక్కితే క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ పైపు విప్పలేదు. సిలిండర్ బోల్టులు మాత్రమే తీసి పక్కకు కట్టాం. ఇక ఎవరూ క్లచ్ తొక్కకుండా పెడల్‌కు ఎర్రగుడ్డ చుట్టాం. ప్రొపెల్లర్ షాఫ్టు మీద తెల్ల రంగుతో మావయ్య చెప్పిన గుర్తు గీసి, నాలుగు బోల్టులూ విప్పాం. సైలెన్సర్ పైపు పట్టుకునే ఇత్తడి నట్లు మాత్రం వేడి చేస్తే గానీ కదలలేదు. లోపలి నుంచి గేర్ రాడ్ తీసేశాం. గేర్‌బాక్సు కింద దన్ను పెట్టి, దాన్ని మోసే అడ్డ దూలం కూడా విప్పాక బండిని మళ్లీ చక్రాల మీదికి దించాం. స్టాండ్ల మీదే ఉంచితే క్రేన్ కొక్కెం అంత ఎత్తుకు అందదు.

ఇంజన్, గేర్‌బాక్సు కలిపి రెండు వందల కిలోల పైమాటే. క్రేన్ లివర్ నేను కొట్టాను. గుంటూరు వాడు లెవెలర్ దగ్గర, వరంగల్ వాడు గేర్‌బాక్సు తోక దగ్గర. తమిళ అబ్బాయి బండిలో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని కూర్చున్నాడు. నాలుగంగుళాలు లేచింది. ఆ తర్వాత క్రేన్ మోకు బిగుసుకుంది గానీ ఇంజన్ కదల్లేదు. బండి ముందు భాగమే లేవడం మొదలైంది. "ఆపు అన్నా, ఆపు!" అని వరంగల్ వాడు అరిచాడు. దించేసి టార్చి వేసి చూస్తే, ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ ఇంకా బిగించే ఉంది. ఇంకో రెండు సార్లు లివర్ కొట్టి ఉంటే ఏం విరిగేదో చెప్పలేను. ఇంజన్ లేస్తున్నప్పుడు ఒకరు కేవలం చూడ్డానికే ఉండాలి. వాళ్లు ఆపమంటే కారణం అడక్కుండా ఆపేయాలి.

పట్టీ విప్పాక లెవెలర్ తిప్పుతూ ముక్కు పైకి, తోక కిందికి వంచుకుంటూ లేపాం. గేర్‌బాక్సులో ఆయిల్ తీసేసినా వంచేసరికి తోకలోంచి ఇంకా కారింది. ప్లాస్టిక్ సంచి కట్టి ఉంచాం కాబట్టి నేల పాడవలేదు. మా ఇంటి ముందు నేల రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. అందుకని వేలాడే ఇంజన్‌తో క్రేన్ జరపకుండా, చక్రాల వెనక చెక్కలు ఒక్కో జానా జరుపుకుంటూ బండినే వెనక్కి పంపాం. గేర్‌బాక్సు తోక బండి ముందు అంచును దాటి బయటికి వచ్చిన ఆ క్షణంలో నలుగురం ఒక్కసారే గట్టిగా అరిచాం. ఎదురింటి పెద్దాయన బయటికొచ్చి, కుర్రతనంలో తనకూ ఒక ఎంజీ ఉండేదని చెప్పి, చాలాసేపు ఇంజన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

పాత టైర్ల మీద ఇంజన్ దించేసరికి మధ్యాహ్నం మూడయింది. లేపడానికి పట్టింది నలభై నిమిషాలే, మిగతాదంతా విప్పడానికే.

ఆదివారం గేర్‌బాక్సు విడదీసి, ఇంజన్ తిరగేసి, అడుగున ఆయిల్ నిలిచే సంపు తీశాం. కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగు షెల్స్ మీద బూడిద రంగు పూత అరిగిపోయి ఎర్రగా రాగి కనిపిస్తోంది. క్రాంకు, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు మీద గోరు తగిలేంత గీతలున్నాయి. ఫోన్‌లో చూపించాను. మావయ్య కళ్లజోడు పెట్టుకుని, "రాగి తేలిందిరా. ఇంకొన్నాళ్లు తోలితే కనెక్టింగ్ రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చేది. మంచి పని చేశావ్" అన్నాడు. తర్వాత నా స్నేహితుల్ని ఒక్కొక్కరినీ ఫోన్‌లోకి పిలిచి, చేతులు చూపించమని అడిగి, నవ్వాడు.

క్రాంకును 0.010 ఇంచి గ్రైండ్ చేయడానికి ఇచ్చాను. షెల్స్, కొత్త క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీలు వచ్చేశాయి. విప్పిన నట్లన్నీ ఎక్కడివి అక్కడే రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. క్రాంకు రాగానే వచ్చే శనివారానికి క్రేన్ మళ్లీ అడిగి ఉంచాం. ముగ్గురూ సెలవు పెట్టుకున్నారు.